ఒకటే మాట, పాఠానికో అర్థం

సంపాదకులకు నమస్కారం.

మా పక్కింటి ఏడో తరగతి అమ్మాయి సాయంత్రాలు లెక్కలు చెప్పించుకోవడానికి మా ఇంటికి వస్తుంది. మొన్న సామాన్య సమీకరణాల పాఠం తీస్తే, పుస్తకంలో 'సొల్యూషన్' అన్న మాట పక్కన పెన్సిలుతో 'ద్రావణం' అని రాసి ఉంది. ఇదేమిటమ్మా అని అడిగితే, "సైన్సులో అదే చెప్పారు తాతయ్యా, కానీ ఎక్స్‌ని దేనిలో కరిగించాలో తెలియడం లేదు" అంది. ఆ పిల్ల పొరపాటు పడిందని నేను అనను. నేర్చుకున్న అర్థాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకుంది, అంతే. లెక్కల్లో అదే మాటకు 'సాధన' అన్న అర్థం ఉందని ఎవరూ చెప్పలేదు.

ముప్పై ఏళ్లు తెలుగు మాధ్యమంలో గణితం, భౌతికశాస్త్రం బోధించిన నాకు ఈ చిక్కు ఎన్నడూ ఎదురుకాలేదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఒకే మాటగా ఉన్నవి మన పుస్తకాల్లో వేర్వేరు మాటలుగా ఉండేవి. 'పవర్' లెక్కల్లో ఘాతం, భౌతికశాస్త్రంలో సామర్థ్యం, పౌరశాస్త్రంలో అధికారం. ఇంట్లో 'పవర్ పోయింది' అంటే కరెంటు. 'సెల్' జీవశాస్త్రంలో కణం, విద్యుత్తు పాఠంలో ఘటం. 'బేస్' త్రిభుజానికి భూమి, రసాయనశాస్త్రంలో క్షారం. తెలుగులోనూ నానార్థాలు లేకపోలేదు. త్రిభుజం అడుగు భుజానికీ మనం నిలబడిన నేలకూ 'భూమి' అనే అంటాం. అయితే తెలుగు మాటలను పుట్టినప్పటి నుంచీ వింటున్న పిల్లలకు సందర్భమే అర్థాన్ని చెబుతుంది, బడిలో మాత్రమే వినపడే ఇంగ్లిష్ మాటకు ఆ ఆసరా లేదు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 'సెట్' అన్న చిన్న మాటకే 400కు పైగా అర్థచ్ఛాయలు ఇచ్చిందంటే, ఒక మాటకు ఒకే అర్థం బట్టీ పట్టించే పద్ధతి ఎంత దూరం పనికొస్తుందో ఆలోచించవలసిందే.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఎనిమిదో తరగతి వరకూ ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే ఆ దారి పట్టింది. రెండు చోట్లా ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇవ్వడం మంచి పని. కానీ పరీక్ష ఇంగ్లిష్‌లోనే గనక తెలుగు పుటను తిప్పేసి ముందుకు పోవడమే నేను ఎక్కువగా చూస్తున్నాను.

రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలకు నా విన్నపం ఒకటే. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకూ లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ప్రతి పాఠం మొదట్లో అర పుట కేటాయించి, అందులోని ముఖ్యమైన ఇంగ్లిష్ మాటలకు ఈ పాఠంలో అర్థమేమిటో, మిగతా పాఠాల్లోనూ ఇంట్లోనూ ఏమిటో పక్కపక్కన తెలుగులో ఇవ్వాలి. కొత్తగా పదాలు కల్పించే శ్రమ కూడా లేదు, అవన్నీ ఎదుటి పుటలో ఇప్పటికే అచ్చయి ఉన్నాయి. వచ్చే ముద్రణకు ముందే ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, ఖమ్మం