శ్రీశైలం ఒక్కరోజు ప్రైవేట్ ట్రిప్ అని చెప్పి దోమలపెంట గేటు దగ్గర రాత్రంతా కూర్చోబెట్టారు, నా డబ్బు సంగతి తేల్చండి

మేనేజర్ గారికి,

నల్లగొండ నుంచి శ్రీశైలం కొండకు ఒక్కరోజులో వెళ్లి వచ్చే ప్రైవేట్ గైడెడ్ ట్రిప్ అని మీరు అమ్మిన ప్యాకేజీ మీద ఇది నా ఫిర్యాదు. మీ కస్టమర్ కేర్ వాళ్లకు ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతాడు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పమంటాడు, అంతా విన్నాక "గేటు మూసేది ఫారెస్టోళ్లు సార్, మా చేతుల ఏముంటది" అంటాడు. ఆ మాటకు జవాబు ఫోన్లో కుదరదు కాబట్టి రాసి పంపుతున్నాను.

హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. ఇది నిన్నమొన్న వచ్చిన రూలు కాదు, రాత్రిపూట జంతువులు బండ్ల కింద పడి చస్తున్నాయని ఏళ్ల నుంచి నడుస్తున్నదే, దేవరకొండ బస్టాండులో సోడాలమ్మే పిల్లవాణ్ని అడిగినా చెప్తాడు. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపిన షెడ్యూల్ తీసి చూడండి. "రాత్రి 8:30కు శ్రీశైలం నుంచి తిరుగు ప్రయాణం, 1:00కు నల్లగొండ" అని రాసి ఉంది. గుడి దగ్గర బయలుదేరి సున్నిపెంట మీదుగా దిగి, డ్యామ్ దాటి, అవతలి ఘాట్ మలుపులన్నీ ఎక్కి దోమలపెంట చేరడానికి దాదాపు గంట పడుతుంది. అంటే ఆ రోజు అన్నీ మీరు రాసినట్టే నిమిషం తప్పకుండా జరిగినా మేము గేటు దాటేవాళ్లం కాదు. లేట్ అయింది, ట్రాఫిక్ ఉంది, దర్శనం క్యూ పెద్దగా ఉంది అని మీవాళ్లు చెప్పేవన్నీ తర్వాతి సంగతి. అసలు మీరు అమ్మిన కాగితంలోనే ఆ రాత్రి ఇంటికి రావడం లేదు.

ఇక జరిగింది చెప్తాను. మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, షుగర్. అక్కాబావా, వాళ్ల బాబు, నేను. బస్సులో పోదామంటే అమ్మ దిగి ఎక్కలేదు, మా వీధిలో కారు కిరాయికిచ్చే ఆయన తొమ్మిది వేలకు వస్తానన్నాడు, అయినా పద్దెనిమిదిన్నర వేలు పెట్టి మీ దగ్గరికి వచ్చామంటే గైడు ఉంటాడని, టికెట్లూ టైములూ ఆయన చూసుకుంటాడని, మాకు టెన్షన్ ఉండదని. మిగతా తొమ్మిదిన్నర వేలు దేనికి తీసుకున్నారో మీరే చెప్పండి. రద్దీ తగ్గాక పోదామని కార్తీకం అయ్యేదాకా ఆగాం కూడా.

పొద్దున ఐదింటికి రావాల్సిన బండి ఏడు కావస్తుండగా వచ్చింది. ఇన్నోవా అన్నారు, ఎర్టిగా వచ్చింది. సరే, పోనీ అనుకున్నాం. దేవరకొండలో ఎవరో ఒకాయన సంచితో సహా ఎక్కాడు. "మా దోస్తు అన్నా, అచ్చంపేట దాంక వస్తడు, జర సర్దుకోండ్రి" అన్నాడు డ్రైవరు. ప్రైవేట్ ట్రిప్పులో మా బాబు అచ్చంపేట దాకా వాళ్ల నాన్న ఒళ్లో కూర్చున్నాడు, ఆ దోస్తును వాళ్లింటి ముందు దింపాక అక్కడే టీ, పలకరింపులు, వెనక డిక్కీలోంచి రెండు పార్సిళ్లు దింపడం. ఆ పార్సిళ్ల మీద మీ కంపెనీ స్టిక్కరే ఉంది, కాబట్టి డ్రైవరు సొంత వ్యవహారం అని చెప్పకండి.

ఉమామహేశ్వరం గుడి మాత్రం నిజంగా బాగుంది, అక్కడికి తీసుకెళ్లినందుకు వంక పెట్టను. కొండ అంచునే నడక, పైన పెద్ద రాతి గోడ, ఆ రాతి లోపలి నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటాయి. అమ్మ చేతులు చాచి ఆ నీళ్లు కళ్లకద్దుకుంటుంటే మీ గైడు వచ్చి "ఇది గూడ జ్యోతిర్లింగమే అమ్మమ్మా" అన్నాడు. అమ్మే అతనికి చెప్పింది, ఇది శ్రీశైలానికి ఉత్తర ద్వారం నాయనా, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర మన అలంపురం అని. అతను ఫోన్ తీసి రాసుకున్నాడు! మనిషి చెడ్డవాడు కాదు, మాటల్లో తెలిసింది ఏంటంటే మీ ఆఫీసులో బుకింగులు చూసే కుర్రాడట, రావాల్సిన గైడుకు జ్వరమొస్తే ఇతణ్ని పంపారట, శ్రీశైలం అంతకుముందు ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ల అమ్మానాన్నలతో వచ్చాడట. అతని మీద నాకు కోపం లేదు. అతనికి గైడు టీషర్టు వేసి మా మీదికి వదిలింది మీరు.

ఫరహాబాద్ దగ్గర సఫారీ ప్యాకేజీలో ఉందని రాశారు, అక్కడికి పోతే టికెట్లే తీసుకోలేదు, ఆ పూట బండ్లు నిండిపోయాయన్నారు. బాబు పులి కోసం రాత్రి నిద్రపోకుండా వచ్చాడు, వాడికి నేనేం చెప్పాలి. సఫారీ బదులు అని మీవాడు కనిపెట్టిన కార్యక్రమం ఇంకా ఘోరం, రోడ్డు పక్కన ఒక చెంచు పెంట, అంటే చెంచు గిరిజనులుండే చిన్న గూడెం, దగ్గర ఆపి "పిల్లలకు చాక్లెట్లిచ్చి ఫొటోలు దిగొచ్చు" అన్నాడు. తర్వాత చూస్తే మీ షెడ్యూల్లో కూడా "చెంచు గ్రామ సందర్శన" అని ఉంది. వాళ్ల ఇళ్ల ముందు మేమెందుకు నిలబడాలి, ఎవరిని అడిగి పెట్టారు ఆ లైను? అక్క బండి దిగనే లేదు. దాన్ని మీ ప్యాకేజీలోంచి తీసేయండి, ఇది నా డబ్బుతో సంబంధం లేని మాట, అయినా రాస్తున్నాను.

మల్లెల తీర్థం జలపాతం గురించి ఎక్కువ చెప్పను. వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగి, కిందికి మూడొందలకు పైగా మెట్లు. అమ్మ పైనే ఉండిపోయింది. ఆమెకు తోడుండాల్సిన గైడు చెట్టు కింద నిద్రపోయాడు, మాతో దిగాల్సిన గైడు కూడా అతనే కాబట్టి మేమే దిగి మేమే ఎక్కాం. మోకాళ్ల నొప్పులున్న మనిషి వస్తున్నారని బుకింగ్ ఫారంలో నేను రాశాను, మీరు ఆ గడి ఎందుకు పెట్టారో తెలియదు.

దోమలపెంట దాటుతున్నప్పుడు, నల్లగొండ వాణ్ని కాబట్టి చెప్తున్నా, నేను కిటికీలోంచి అటే చూస్తున్నాను. మా జిల్లాకు కృష్ణ నీళ్లు రావాలని తవ్వుతున్న ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం అక్కడిదే, 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నది అక్కడే. గైడు దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. డ్యామ్ దగ్గర మాత్రం గొంతు సవరించుకుని "ఇది నిజాం కట్టించిండు" అన్నాడు. శ్రీశైలం డ్యామ్‌కు శంకుస్థాపన చేసింది నెహ్రూ, 1963లో, పూర్తయ్యేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. మా అమ్మ పుట్టిన ఊరు కొల్లాపూర్ వైపు, ఆ నీళ్ల కిందే ఉంది. ఆమె డ్యామ్ వైపు చూస్తూనే "నిజాం కాలంల కడితే మా నాయన ఇల్లు ఎట్ల మునిగె బిడ్డా" అని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు, బండిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

శ్రీశైలం చేరేసరికి నాలుగు దాటింది. స్పర్శ దర్శనం, అంటే శివలింగాన్ని చేత్తో తాకి చేసుకునే దర్శనం, మీ ప్యాకేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. దానికి ముందే టికెట్ తీసుకోవాలి, మగవాళ్లు పంచె కట్టుకోవాలి. టికెట్ తీయలేదు, పంచె సంగతి చెప్పలేదు. బావ అయితే హడావుడిగా దుకాణంలో పంచె కొని కట్టుకుని వచ్చాక తెలిసింది టికెట్లే లేవని! మామూలు క్యూలో నిలబడి దర్శనం చేసుకున్నాం, మల్లన్న దర్శనం ఎలా అయినా దర్శనమే, దాని గురించి ఫిర్యాదు లేదు. కానీ దూరం నుంచి చూసే దర్శనాన్ని స్పర్శ దర్శనం ధరకు అమ్మకూడదు కదా.

బయటికి వచ్చేసరికి ఏడున్నర. అప్పుడే నేను అడిగాను, గేటు తొమ్మిదికి మూస్తారు కదా, వెంటనే బయలుదేరదాం అని. "ఏం కాదన్నా, గేటు కాడ మనోళ్లున్నరు" అని డ్రైవరు. ఆ ధైర్యంతో భోజనానికని పోయి కనిపించకుండా పోయాడు, ఫోన్ స్విచ్ ఆఫ్. ఈలోపు గైడు మమ్మల్ని ఒక తేనె దుకాణానికి తీసుకుపోయాడు, అడవి తేనె అంటూ సీసా ఎనిమిది వందలు, మేము కొనకపోయేసరికి దుకాణం ఆయన గైడు వైపు చూసిన చూపులోనే అర్థమైంది వాళ్ల లెక్కలు వేరే ఉన్నాయని. డ్రైవరు వచ్చింది ఎనిమిదీ ఇరవైకి. ఆ ఘాట్ రోడ్డు మీద చీకట్లో అతను నడిపిన తీరుకు అక్క కళ్లు మూసుకుని మల్లన్న పేరు చెప్పుకుంటూ కూర్చుంది. దోమలపెంట గేటు దగ్గర ఆగేసరికి తొమ్మిదీ ఇరవై అయింది. గేటు మూసేశారు.

అక్కడి ఫారెస్టు సిబ్బంది మర్యాదగానే మాట్లాడారు, "పొద్దుగాల ఆరింటికి తీస్తం సార్, మీ బండొక్కటి వదిలితే ఎనకున్నోళ్లందరిని వదలాలె" అన్నారు. న్యాయమే. మీ డ్రైవరు చెప్పిన "మనోళ్లు" ఎవరూ రాలేదు. మీ ఇరవైనాలుగ్గంటల హెల్ప్‌లైన్ ఎవరూ ఎత్తలేదు, ఎత్తకపోయినా మధ్యమధ్యలో "మీ ప్రయాణం మాకు ముఖ్యం" అనే రికార్డు మాత్రం వినిపించింది. దగ్గర్లో రూమ్ దొరకలేదు. రాత్రంతా ఆ బండిలోనే, లారీల వరస వెనక. గైడు ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు, ఆ సీటు వచ్చి సరిగ్గా అమ్మ మోకాళ్లకు ఆనింది, లేపి చెప్పాను, ముందుకు జరుపుకున్నాడు, కాసేపటికి మళ్లీ వాలింది. రాత్రికి ఇంటికి వస్తాం కదా అని అమ్మ షుగర్ మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి, తినడానికి బిస్కెట్లు తప్ప ఏం లేవు. పొద్దున బావ డ్యూటీ పోయింది, బాబు పరీక్ష పోయింది. ఇల్లు చేరాక అమ్మను డాక్టరుకు చూపించి పరీక్షలు చేయించాల్సి వచ్చింది, ఆ బిల్లు జతచేశాను.

దీనికంతటికీ మీరు పంపిన మెయిల్‌లో "ప్రభుత్వ ఆంక్షలు మా నియంత్రణలో ఉండవు" అని, సారీకి గుర్తుగా తర్వాతి ట్రిప్పుకు పది శాతం కూపన్ అని ఉంది. ముందే తెలిసిన టైము అనుకోని ఆటంకం ఎలా అవుతుంది? కొండచరియ విరిగిపడితే నేను నోరెత్తేవాణ్ని కాదు. తొమ్మిది గంటలు రోజూ అవుతుంది.

నాకు కావలసింది ఇది. గైడు లేడు కాబట్టి మామూలు కిరాయి కంటే ఎక్కువ తీసుకున్న తొమ్మిదిన్నర వేలు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి, సఫారీకి, స్పర్శ దర్శనానికి విడిగా ఏమైనా వసూలు చేసి ఉంటే ఆ లెక్క చూపించి అదీ ఇవ్వాలి, అమ్మ వైద్యం బిల్లు మీరే కట్టాలి. ఆ షెడ్యూల్ ఇంకా మీ యాప్‌లో అలాగే ఉంది, నిన్న కూడా చూశాను, తిరుగు ప్రయాణం 8:30 అనే ఉంది. దాన్ని వెంటనే మార్చండి, లేదా రెండు రోజుల ట్రిప్ అని నిజం రాసి అమ్ముకోండి. నల్లగొండలో తెల్లారుజామున బయలుదేరి ఉమామహేశ్వరం, ఫరహాబాద్, మల్లెల తీర్థం, డ్యామ్, గుడి అన్నీ చూసి గేటు మూసేలోపు వెనక్కి రావడం ఏ డ్రైవరుకూ కుదరదు.

పదిహేను రోజులు చూస్తాను. ఆ లోపు తేలకపోతే మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేస్తాను, తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. "వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల పరిధిలోనే" అని మీ నిబంధనల్లో రాసుకున్నారు, చదివాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు సొమ్ముకు ఫీజు కూడా లేదు. షెడ్యూల్ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, గేటు ముందు టైముతో సహా తీసిన ఫొటోలు, మీ హెల్ప్‌లైన్‌కు చేసిన కాల్స్ లిస్టు అన్నీ నా దగ్గర ఉన్నాయి, కాపీలు దీంతో పంపుతున్నాను.

డబ్బు నేను ఏ ఖాతా నుంచి కట్టానో అందులోకే వేయండి, కూపన్ వద్దు. ఈ విషయం మీద ఇక ఫోన్ చేయకండి, ఏదున్నా రాతలోనే పంపండి.

ఇట్లు,
మీ ప్యాకేజీ బుక్ చేసిన కస్టమర్,
నల్లగొండ