ముద్ర సరే, క్యూబ్ ఎక్కడిది?

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ పత్రికలో ల్యాబ్‌ల గుర్తింపు గురించి వచ్చిన వార్త చూశాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. ఇకమీదట సిమెంటు, కంకర, ఇనుము, కాంక్రీటు ఏదైనా గుర్తింపు ఉన్న ల్యాబ్‌లోనే పరీక్షించాలని అధికారులు సెలవిచ్చారు. ఇక నాణ్యతకు దిగుల్లేదన్నట్టు రాశారు మీ విలేకరి. అదే వార్తలో చెప్పిన, పగుళ్లిచ్చిన స్లాబుకు పాస్ రిపోర్టు ఇచ్చింది కూడా గుర్తింపు ఉన్న ల్యాబే కదా! ఆ ముక్క వార్త అడుగున ఎందుకు నక్కింది?

గుర్తింపు వద్దని నేననడం లేదు. క్వాలిటీ కంట్రోల్‌లోనే పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ గుర్తింపుకు ఆధారమైన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025 మంచిదే. మిషన్లు సరైన అంకె చూపుతున్నాయో లేదో సరిచూసే క్యాలిబ్రేషన్ ఉండాలి, ఫలితంలో ఎంత తేడా రావచ్చో లెక్క చెప్పాలి, వేరే ల్యాబ్‌లతో ఫలితాలు పోల్చి చూసుకోవాలి, ఎవరి ఒత్తిడికీ లొంగకూడదు. 2017లో సవరించినప్పుడు ఈ నిష్పక్షపాతం సంగతి మరీ గట్టిగా చెప్పారు. అయితే ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి టోకున ఇచ్చేది కాదు. ఏయే పరీక్షలకు ఇచ్చారో ఒక జాబితా ఉంటుంది. కంకర జల్లెడ పరీక్షకు తెచ్చుకున్న గుర్తింపును బోర్డు మీద అన్నిటికీ వర్తించేలా రాసుకునేవాళ్లున్నారు. బిల్లు పాస్ చేసే ముందు ఆ జాబితా తెరిచి చూసిన అధికారి ఒక్కరుంటే చెప్పండి, దండం పెడతాను.

అసలు మెలిక రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది: 'ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకే వర్తిస్తాయి.' ల్యాబ్ తప్పేం లేదు, ప్రమాణమే అలా రాయమంటుంది. మరి నమూనా ఎవరు తెచ్చారు? కాంట్రాక్టరు మనిషి. బలం పరీక్షించడానికి అదే కాంక్రీటుతో పోయాల్సిన దిమ్మె, అంటే క్యూబ్, ఎవరు పోశారు? అతనే. స్లాబులోకి వెళ్లే కాంక్రీటులో పని సులువు కావాలని పైపుతో నీళ్లు కొడతారు. క్యూబ్‌ల కోసం మాత్రం పక్కన రేకు మీద విడిగా, సిమెంటు దండిగా వేసి కలుపుతారు. 150 మిల్లీమీటర్ల ఆ క్యూబ్‌ను పొరలు పొరలుగా పోసి, రాడ్‌తో కూరి, 28 రోజులు తొట్టిలో ముంచి అపురూపంగా చూసుకుంటారు. స్లాబు మీద తడి గోనెపట్టా రెండో రోజుకే ఎండిపోతుంది. పాసయ్యేది క్యూబ్, జనం నడిచేది స్లాబు మీద.

ల్యాబ్‌లోనూ దారులున్నాయి. క్యూబ్ విరిగేదాకా నొక్కే లోడు వేగంగా పెంచితే మిషన్ ఎక్కువ అంకె చూపిస్తుంది. తడిగా విరవాల్సిన క్యూబ్‌ను ఆరబెట్టి విరిచినా అంతే. ఒకే మిక్సు, ఒకే చెయ్యి అయినా మూడు క్యూబ్‌లు మూడు రకాలుగా విరుగుతాయి. రిజిస్టర్లో మాత్రం పేజీలకు పేజీలు కవలపిల్లల్లాంటి అంకెలే. అవి చూసి అనుమానం రాని ఇంజనీరుకు జీతం ఎందుకిస్తున్నట్టు?

ఇది మన గోడు మాత్రమే కాదు. హాంకాంగ్-జుహై-మకావ్ వంతెన కాంక్రీటు రిపోర్టుల్లో మోసం జరిగిందని 2017లో హాంకాంగ్ అవినీతి నిరోధక సంస్థ 21 మందిని అరెస్టు చేసింది. పరీక్ష చేసిన సమయాలు మార్చారని, అసలు క్యూబ్ బదులు మిషన్‌లో లోహపు దిమ్మె పెట్టి అంకెలు పుట్టించారని అభియోగం. లోహపు దిమ్మె ఫెయిలవుతుందా మరి! అక్కడ కనీసం పట్టుకునేవాడు ఉన్నాడు.

ఇక్కడ ల్యాబ్‌కు ఫీజు కట్టేది ఎవరి పని పరీక్షించాలో ఆ కాంట్రాక్టరే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టుంది ఈ ఏర్పాటు. ఫెయిల్ రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌కు మళ్లీ పని రాదు. గుర్తింపు ఇచ్చే సంస్థ తనిఖీ బృందం ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రోజుకు నేల కడిగి, ఫైళ్లు సర్ది, కొత్త స్టిక్కర్లు అంటించి ఉంచుతారు. ఒకప్పుడు క్యూబ్ పోసేటప్పుడు ఇంజనీరు పక్కన నిలబడి తడి కాంక్రీటు మీద పుల్లతో తేదీ, సంతకం గీసేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో వస్తే చాలు. ఆ ఫొటో ఏ సైటుదో దేవుడికెరుక. అడిగితే సిబ్బంది కొరత అంటారు. ప్రారంభోత్సవానికి మాత్రం కొరత ఉండదు, కుర్చీలే చాలవు.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. ల్యాబ్‌ను పని చేయించే శాఖే ఎంచుకుని, ఫీజూ తనే కట్టాలి. క్యూబ్ మీద కాంట్రాక్టరు పేరు కాకుండా కోడ్ ఉండాలి. మిషన్ నమోదు చేసిన లోడు వివరాలు నేరుగా శాఖకు వెళ్లాలి. అనుమానం వస్తే కట్టిన స్లాబులోంచే గుండ్రటి ముక్క (కోర్) తొలిచి తీసి విరిచి చూడాలి. విరిగిన క్యూబ్ ముక్కలు కొన్నాళ్లయినా దాచాలి.

వీటికి టైం పడుతుందంటే ఒప్పుకుంటాను. ఈలోగా మీ విలేకరిని ఒక్క ప్రశ్న అడగమనండి: గుర్తింపు ఉన్న ఈ ల్యాబ్‌లన్నీ కలిపి పోయిన ఏడాది ఎన్ని ఫెయిల్ రిపోర్టులు ఇచ్చాయి? ఆ అంకె మీ మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరు