మీ ఓడలో ఫోటో వద్దనడానికి దారేది?

విశాఖపట్నం

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: వద్దన్నా ఫోటోలు తీయడం, వాటిని గ్యాలరీలో పెట్టడం, ప్రచార వీడియోలో వాడడంపై ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

విశాఖ నుంచి చెన్నై వెళ్ళిన మీ ఓడలో నేనూ మావారూ, మా ఆడపడుచు దంపతులూ ప్రయాణం చేశాం. గది శుభ్రంగా ఉంది, భోజనానికి వంక పెట్టలేం, సిబ్బంది మర్యాదస్తులు. నా ఫిర్యాదు వాటి మీద కాదు. నాకు ఫోటో దిగడం ఇష్టం ఉండదు. ఓడ ఎక్కింది మొదలు దిగేదాకా మీ ఫోటోగ్రాఫర్లకు కనపడకుండా తిరగడంతోనే నా ప్రయాణం సరిపోయింది. అంత చేసినా, నేను వద్దన్న ఫోటో మీ గ్యాలరీ గోడ మీదికి ఎక్కింది. ఇంటికొచ్చాక చూస్తే మీ ప్రచార వీడియోలో కూడా ఉన్నాను.

ఎందుకు వద్దంటున్నారని మీవాళ్ళు చాలామంది అడిగారు. "మీరు ఫోటోల్లో బానే ఉంటారు మేడమ్" అని ధైర్యం కూడా చెప్పారు. అందచందాల గొడవ కాదండీ ఇది. కొందరికి వంకాయ పడదు, నాకు కెమెరా పడదు. పెళ్ళి భోజనాల్లో వీడియో అబ్బాయి లైటు పట్టుకుని విస్తరి మీదికి వంగితే, చెయ్యి కడుక్కుని లేచిపోదామా అనిపించే మనిషిని. బ్యాంకులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ గ్రూపు ఫోటోల్లో ఎవరో ఒక పొడుగాయన వెనకే ఉండేదాన్ని. అంతకు మించి కారణం చెప్పాల్సిన పని నాకు లేదు.

టెర్మినల్లో చెకిన్ కౌంటర్ దగ్గర తీసిన ఫోటో గురించి నాకు పేచీ లేదు. అది గది కార్డుకి జోడిస్తారు, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కార్డు గీకితే తెర మీద మన మొహం వస్తుంది, మనమే అని గార్డు చూసుకుంటాడు. భద్రత కోసం అది ఉండాల్సిందే. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి అడిగిన వెంటనే నేరుగా కెమెరా వైపు చూశాను. నా బాధంతా అమ్ముకోవడానికి తీసే ఫోటోలతోనే.

అది ఓడ మెట్ల దగ్గరే మొదలైంది. ఓడ బొమ్మ ఉన్న పెద్ద గుడ్డ ఒకటి కట్టి, దాని ముందు తాళ్ళతో దారి చేశారు. ఆ దారి తప్ప లోపలికి ఇంకో దారి లేదు. సంచులు మోసుకుంటూ, ఎండలో చెమటలు కక్కుతూ వచ్చిన జనాన్ని ఒక్కొక్క కుటుంబాన్నీ ఆపి, నవ్వమని, తీసి, పంపుతున్నారు. నాకు వద్దు బాబూ, పక్కనుంచి వెళ్ళిపోతాను అన్నాను. "ఫ్రీ మేడమ్, కొనక్కర్లేదు" అన్నాడు. కొనడం గురించి కాదన్నాను. వెనక లైన్లో శ్రీకాకుళం వైపు పెద్దావిడ ఒకరు, "ఏటమ్మా, డబ్బులడగరట కదా, తీయించుకోకూడదేటి?" అని నాకే నచ్చజెప్పారు. నా మూలంగా లైను ఆగిపోయింది, అందరూ నన్నే చూస్తున్నారు. ఫోటో వద్దనుకునే మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది? మావారు ఒక్కరూ నిలబడి తీయించుకుంటే, నేను హ్యాండ్‌బ్యాగ్ మొహానికి అడ్డం పెట్టుకుని దొంగలా దాటాను.

సాయంత్రం ఓడ కదిలేటప్పుడు అందరం పై డెక్ మీదికి వెళ్ళాం. పుట్టి పెరిగిన ఊరే అయినా, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సముద్రంలోకి వెళ్తూ, వెనక్కి తిరిగి బీచ్ రోడ్డునీ దూరంగా కైలాసగిరినీ చూడడం నాకు కొత్త. కురుసుర సబ్‌మెరీన్ ఎక్కడుందో ఆడపడుచుకి చూపిద్దామని రెయిలింగ్ దగ్గరికి వెళ్ళాను. ఇంతలో భుజం పక్కన లెన్సు! ఆ తర్వాత లైట్‌హౌసూ చూడలేదు, సబ్‌మెరీనూ చూడలేదు. కెమెరా ఎటు తిరిగితే నేను దానికి అవతలివైపు తిరిగాను. డెక్ మీద డాన్సులు తీస్తున్న వీడియో బృందం కూడా అక్కడే ఉంది. వాళ్ళ సంగతి కింద వస్తుంది.

డైనింగ్ హాల్లో జరిగింది మాత్రం వివరంగా రాయాలి. మొదటి రాత్రే వెయిటర్ అబ్బాయికి నా ఇబ్బంది చెప్పాను. అతను అర్థం చేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చునే కుర్చీ ఇచ్చాడు. ఫోటోగ్రాఫరు టేబుళ్ళ మధ్య తిరుగుతూ మావైపు వస్తుంటే, చేతిలో ట్రే పట్టుకునే తల అడ్డంగా ఊపి పంపించేసేవాడు. మీ కంపెనీ మొత్తంలో నా మాట విన్నది ఆ అబ్బాయి ఒక్కడే. అతనికి నా కృతజ్ఞతలు చేరవేయండి. మర్నాడు అతని డ్యూటీ వేరే వైపు పడింది. సముద్రపు దొంగ వేషం వేసిన మనిషి ఒకరు, వెనకే ఫోటోగ్రాఫరు. నేను గులాబ్‌జామ్ నోట్లో పెట్టుకుంటున్నాను. ఆ వేషగాడు వెనకనుంచి వచ్చి నా మెడ దగ్గర ప్లాస్టిక్ కత్తి ఆనించాడు. ఉలిక్కిపడి తిరిగేసరికి ఫ్లాష్. చెంచా చేతిలో, జామ్ సగం నోట్లో, పాకం చీర మీద. హాలంతా నవ్వారు, మా ఆడపడుచుతో సహా. నేను లేచి ఆ ఫోటోగ్రాఫర్‌తో, "ఇప్పుడే నా ముందే తీసెయ్యి బాబూ" అన్నాను. గాజువాక కుర్రాడట, తెలుగులోనే చెప్పాడు: "ఆంటీ, ఇది నా చేతిలో ఉండదు, తీసిందల్లా పైకి వెళ్ళిపోతుంది. మాకు రోజుకి ఇన్ని అని లెక్కుంటుంది ఆంటీ."

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. తీసినదాన్ని బట్టి, అమ్మినదాన్ని బట్టి జీతం వచ్చేవాడు "వద్దు" అన్నమాటని ఎంతవరకు వింటాడు? ఆ లెక్క పెట్టింది మీరు.

మర్నాడు గ్యాలరీ ముందునుంచి పోతుంటే, కంటి ఎత్తులో, మధ్య వరసలో, నేనే. అటూ ఇటూ కొత్త దంపతులు చక్కగా నవ్వుతున్నారు. మధ్యలో గులాబ్‌జామ్‌తో నేను. దాన్ని తీసెయ్యమని కౌంటర్లో అడిగాను. "కొనుక్కుంటే తీసేస్తాం మేడమ్" అన్నారు. నా మొహం గోడ మీదినుంచి దింపడానికి నేనే డబ్బు కట్టాలన్నమాట! ఆ ఒక్క ప్రింటుకి అడిగిన డబ్బుతో జగదాంబ దగ్గర స్టూడియోలో ఇంటిల్లిపాదికీ పాస్‌పోర్టు ఫోటోలు వస్తాయి. చాలాసేపు వాదించాక సూపర్‌వైజరు వచ్చి ప్రింటు తీసి లోపల పెట్టారు. చింపారా, ఉంచారా తెలియదు.

అప్పుడే అక్కడున్న టచ్ స్క్రీన్ కూడా చూశాను. మావారు తన కార్డు పెట్టి ఫోటోలు వెతుక్కుంటున్నారు (ఆయనకి ఫోటోలంటే ప్రాణం, రెండు కొన్నారు కూడా, అది మీ ఖాతాలో మంచి మార్కుగా వేసుకోండి). నా కార్డు పెట్టి చూస్తే గుండె గుభేలుమంది. నాకు తెలియకుండా తీసినవి వరసగా వస్తున్నాయి. రెయిలింగ్ దగ్గర వెనకనుంచి సగం మొహం, లిఫ్టు ముందు, ఎవరిదో పుట్టినరోజు ఫోటోలో వెనక టేబుల్ దగ్గర. ఇవన్నీ నావని ఎలా తెలిసిందని అడిగితే, మొహాన్ని బట్టి కంప్యూటరే వెతికి ఎవరి ఖాతాలో వాళ్ళవి వేస్తుందని కౌంటర్లో అమ్మాయి గర్వంగా చెప్పింది. చెకిన్ అప్పుడు భద్రత కోసమని ఇచ్చిన ఫోటోతోనే ఇక్కడ పోల్చి చూస్తున్నారా? ఆ అమ్మాయికి తెలియదు. ఈ ప్రశ్నకి మీరు రాతపూర్వకంగా జవాబు చెప్పాలి.

ఇంటికొచ్చాక మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. "అత్తా, నువ్వు హీరోయిన్ అయిపోయావు!" అని. మీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన ప్రచార వీడియో అది. డెక్ మీద డాన్సుల మధ్య, చెయ్యి అడ్డం పెట్టుకుని తప్పుకుపోతున్న నేను స్పష్టంగా కనిపిస్తున్నాను. వద్దని చెయ్యి ఊపుతుంటే దాన్ని "హాయ్" చెబుతున్నట్టు వాడుకున్నారు. కింద అపరిచితుల కామెంట్లు.

మీ కస్టమర్ కేర్‌కి ఈ-మెయిల్ పెట్టాను. "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని వెంటనే జవాబొచ్చింది, అంటే మనిషి చదవలేదని అర్థం. ఫోన్ చేస్తే, టికెట్ బుక్ చేసేటప్పుడు మీరు షరతులకు ఒప్పుకున్నారు కదా అన్నారు. ఆ షరతులు మొత్తం చదివాను. సామాను బరువు, మందు సీసాలు, వైద్య ఖర్చులు అన్నీ అయ్యాక, ఎక్కడో అడుగున, ప్రయాణికుల ఫోటోలూ వీడియోలూ కంపెనీ ప్రచారానికి వాడుకోవచ్చని ఒక వాక్యం ఉంది. దానికొక్కదానికీ ఒప్పుకోను అనడానికి గడి లేదు. మొత్తానికి టిక్కు పెడితేనే టికెట్. ఫోన్లో ఆ అబ్బాయి ఇంకో మాట కూడా అన్నాడు: నొచ్చుకున్నారు గనక ఆ గులాబ్‌జామ్ ఫోటోనే ఫ్రేము కట్టి ఉచితంగా ఇంటికి పంపిస్తామని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఆ ఫోటో ఇంకా మీ దగ్గరే ఉందన్న సంగతి మాత్రం దాంతో తెలిసింది.

చట్టం సంగతి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అంటే స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి, షరతులు లేకుండా ఇచ్చేది. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చిన సంగతి నాకు తెలుసు, మీ లాయర్లు దాన్ని నాకు గుర్తుచేయక్కర్లేదు. గడువు ఇచ్చింది సర్దుకోవడానికి. అప్పటిదాకా ఇష్టమొచ్చినట్టు చేసుకోమని కాదు. ప్రయాణానికి డబ్బు కట్టినదాన్ని గనక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నాకు ఇవాళే వర్తిస్తుంది.

ఓడలో ఫోటోలే వద్దని నేను అనడం లేదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చి సరదాగా తీయించుకునేవాళ్ళని కళ్ళారా చూశాను. నాలాంటివాళ్ళు ఒక్కసారి వద్దంటే ప్రయాణమంతా చెల్లాలి, ప్రతి మలుపులో ప్రతి కొత్త ఫోటోగ్రాఫర్‌తో మొదటినుంచి బతిమాలుకునే గతి ఉండకూడదు, అంతే. ఇది అంత కష్టమైన పనేం కాదు. కొన్ని సదస్సుల్లో ఫోటో వద్దనేవాళ్ళకి మెడలో వేసుకునే తాడు వేరే రంగుది ఇస్తారు. మీరు ఎలాగూ గది కార్డు ఇస్తున్నారు, దానికి ఒక రంగు స్టిక్కరు అంటించండి చాలు. ఎక్కేచోట ఆ గుడ్డ పక్కనుంచి మనిషి పట్టేంత దారి వదలండి. ఇక మొహం గుర్తుపట్టి ఫోటోని నా ఖాతాలో వేయగలిగిన మీ కంప్యూటరు, అదే మొహాన్ని గుర్తుపట్టి ఆ ఫోటోని చెరిపేయలేదా? అమ్మడానికి పనికొచ్చే తెలివి ఆపడానికి ఎందుకు పనికిరాదు?

మా ఊళ్ళో దాదాపు 96 కోట్లు పెట్టి కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఇంకా ఓడలు రావాలనీ, మావాళ్ళు ఇంకా ఎక్కాలనీ నాకూ ఉంది. మా ఆడపడుచు వచ్చే ఏడు మళ్ళీ వెళ్దామంటోంది. మీ జవాబు చూసి చెబుతానన్నాను.

ప్రస్తుతానికి నాకు కావాల్సినవి ఇవి. ప్రచార వీడియోలోంచి నా దృశ్యాన్ని తీసెయ్యండి, లేదా వీడియోనే తీసెయ్యండి. నా ఖాతాలో ఉన్న ఫోటోలూ, లోపల దాచిన ప్రింటూ, నా మొహాన్ని గుర్తుపట్టడానికి మీ కంప్యూటర్లో పెట్టుకున్న వివరాలూ చెరిపేసి, చెరిపేశామని సంతకంతో ఉత్తరం పంపండి. చెకిన్ ఫోటోని దేనికి వాడారో అందులో రాయండి. చీర డ్రైక్లీనింగ్ బిల్లు జతపరిచాను, అది మీరే కట్టాలి. ఫ్రేము మాత్రం పంపొద్దు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రిటైరైనదాన్ని, తిరగడానికి నాకు తీరిక ఉంది.

టికెట్ నకలు, వీడియోలో నేను కనిపించే చోటు స్క్రీన్‌షాట్, నా ఈ-మెయిలూ దానికి వచ్చిన జవాబూ, డ్రైక్లీనింగ్ బిల్లు దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
మీ ఓడలో వచ్చిన ప్రయాణికురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం