నూట ఇరవై గజాల్లో పదడుగుల గది

సంపాదకులకు నమస్కారం.

మున్సిపాలిటీల్లో అక్రమ కట్టడాల మీద మీ పత్రికలో తరచూ వార్తలు వస్తుంటాయి. చెరువులు, నాలాలు మింగి కట్టినవాళ్ల గురించి ఎంత రాసినా తక్కువే. కానీ చిన్న పట్టణంలో తాతల నాటి పెంకుటిల్లు పడగొట్టి ఆ జాగాలోనే కొత్త ఇల్లు కట్టుకునేవాణ్ని కూడా అదే లెక్కలో కలిపేస్తున్నారు. నేను తాపీ మేస్త్రీని. ప్లాన్ కాగితంలో ఏముంటుందో, పునాది కొలతలు గీసి ముగ్గు పోసేటప్పుడు ఏం జరుగుతుందో రెండూ చూస్తాను కాబట్టి ఈ ఉత్తరం.

మా తెలంగాణలో ఇంటి చుట్టూ ఎంత జాగా వదలాలో చెప్పేది 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168. హైదరాబాద్‌కైనా, నిన్నమొన్నటిదాకా గ్రామ పంచాయతీగా ఉన్న ఊరికైనా అదే పట్టిక. 2018లో చుట్టుపక్కల పల్లెల్ని కలిపి కొత్త మున్సిపాలిటీలు చేశారు కదా, ఆ ఊళ్ల గ్రామకంఠం, అంటే పాత ఊరి నివాస జాగాల్లోని ఇళ్లకూ అదే. ఆ పట్టికలో స్థలం విస్తీర్ణం, ఇంటి ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు చూస్తారు, స్థలం వెడల్పు మాత్రం చూడరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మధ్య ఒక ఇంటికి ముగ్గు పోశాం. ఇద్దరు అన్నదమ్ములు నాయన ఇచ్చిన 240 గజాలు చెరిసగం పంచుకున్నారు. తమ్ముడి వాటా పద్దెనిమిది అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు, అంటే సరిగ్గా 120 గజాలు. మీటర్లలోకి మారిస్తే వంద చదరపు మీటర్ల మీద మూడో వంతు మీటరు ఎక్కువ. ఆ మూడో వంతే అతని కొంప ముంచింది. వంద మీటర్ల లోపు స్థలమైతే, ఏడు మీటర్ల ఎత్తు దాటనంతవరకు ముందు మీటరున్నర వదిలితే చాలు, పక్కల అక్కర్లేదు. వంద దాటి రెండు వందల లోపు ఉంటే ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. 119 గజాలు ఉన్నవాడు దాదాపు 109 గజాల్లో కట్టుకోవచ్చు. 120 గజాలు ఉన్నవాడికి మిగిలేది 66 గజాలు కూడా కాదు. ఒక్క గజం ఎక్కువ ఉన్నందుకు నలభైకి పైగా గజాలు పోతున్నాయి.

ఆ వెడల్పు లెక్క కూడా చూడండి. పద్దెనిమిది అడుగుల్లో రెండు పక్కలా మీటరు వదిలితే పదకొండున్నర అడుగులు కూడా ఉండదు. రెండు వైపులా తొమ్మిదంగుళాల గోడలు పోతే లోపల పదడుగులు. అందులో మెట్లకు మూడడుగులు తీయాలి. వెనక గదిలోకి వెళ్లాలంటే ముందు గదిలో మంచం మీద పడుకున్నవాళ్లను దాటుకుంటూ పోవాలి, ఇల్లంతా రైలు పెట్టెలాగా. నూలు కట్టి చూపిస్తే ఆ ఇంటావిడ "మేస్త్రీ, బీరువా ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడిగింది. నిజంగా ఎక్కడా చోటు లేదు. ఇరుకు స్థలాలకు సడలింపు ఉందంటారు. అది పొడవు వెడల్పుకు నాలుగింతలు ఉన్నవాటికి. అక్కడ కూడా పక్కన మీటరు తప్పదు.

గాలీ వెలుతురూ అక్కర్లేదని నేననడం లేదు. గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లలో మిట్ట మధ్యాహ్నం లైటు వేసుకుని వండుకునే వంటిళ్లు చాలా చూశాను. గ్యాస్ పేలినా, కరెంటు మంట లేచినా ఆ వరుసంతా భయమే. అయితే వదిలిన ఆ మూడడుగుల సందులో జరిగేదేమిటో కూడా చెప్పాలి. పక్కవాళ్ల పాత గోడ హద్దు మీదే ఉంటుంది, కాబట్టి వెలుతురు రాదు. చెత్త పడుతుంది, ఎలుకలు చేరతాయి, సన్‌షేడ్ నుంచి నీళ్లు కారి రెండు గోడలూ చెమ్మగిల్లుతాయి. సున్నం కొట్టడానికి నిచ్చెన కూడా సరిగ్గా నిలబడదు.

దానికి బదులు ఒక పక్క గోడ హద్దు మీదికి రానిచ్చి, రెండు పక్కలా వదిలే జాగా అంతా రెండో పక్కనే వదలమనండి. ఆరున్నర అడుగులు ఒకేచోట ఉంటే కిటికీలోంచి నిజంగా గాలి వస్తుంది, బండి పెట్టుకోవచ్చు, మంట లేస్తే మనిషి బయటికి పరుగెత్తొచ్చు. పక్కింటివాళ్ల ఒప్పుకోలు కాగితం తీసుకోమన్నా సరే. పాత ఊరి స్థలాల్లో పాతికడుగుల కంటే తక్కువ వెడల్పు ఉన్నవాటికే ఈ వెసులుబాటు అడుగుతున్నాను. కొత్త వెంచర్లకు అక్కర్లేదు.

లేకపోతే ఇప్పుడు నడుస్తున్నదే నడుస్తుంది. కాగితం మీద ఒక ఇల్లు, నేల మీద ఇంకో ఇల్లు. 2020లో ఇళ్ల అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక, 500 చదరపు మీటర్ల లోపు స్థలాలకు సొంత ధ్రువీకరణతోనే అనుమతి ఇస్తున్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, అది మంచిదే. కానీ ప్లాన్‌కు భిన్నంగా కడితే నోటీసు కూడా లేకుండా కూల్చొచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. యజమాని సంతకం పెట్టి ఇస్తాడు, తర్వాత నన్ను పక్కకు పిలిచి "అడుగు జరపవా" అంటాడు. స్లాబ్ పడేదాకా ఆయనకు టెన్షన్, నాకూ టెన్షన్. ఇంటి ముందు జీపు ఆగితే సెంట్రింగ్ కుర్రాళ్లు పని ఆపేసి చూస్తారు. బ్యాంకు లోను మీద కట్టేవాడికైతే ఇంకో దడ, ప్లాన్‌కూ ఇంటికీ పొంతన లేదని విడత ఆపేస్తే మధ్యలో ఇనుప చువ్వలు తుప్పు పట్టాల్సిందే.

ఇలా కట్టినవాటిని డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరిస్తామని 2007లో ఒకసారి, 2015లో మరోసారి స్కీములు తెచ్చారు. కట్టాక అపరాధ రుసుము తీసుకునేదేదో, కట్టకముందే ఆ పట్టికలో వెడల్పుకు ఒక గడి చేర్చొచ్చు కదా. మున్సిపల్ శాఖవారు నిబంధనలు మళ్లీ సవరించేటప్పుడు ఒక పాత బజారులోకి టేపు పట్టుకుని రావాలి. రెండో కొన పట్టుకోవడానికి నేను వస్తాను.

- ఒక తాపీ మేస్త్రీ,
ఉమ్మడి నల్గొండ జిల్లా