ఎర్రబడ్డ ప్రతి కన్నూ కళ్లకలక కాదు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలవగానే పత్రికల్లో కళ్లకలక జాగ్రత్తలు వస్తాయి. 2023 జులై, ఆగస్టుల్లో తెలుగు రాష్ట్రాల్లో అది ఊళ్లకు ఊళ్లు చుట్టేసినప్పుడు ఆ రాతలు జనానికి బాగా పనికొచ్చాయి. కానీ ‘కన్ను ఎర్రబడితే కళ్లకలకే, వారంలో తగ్గుతుంది’ అనే ధీమా కూడా వాటితోపాటే పాతుకుపోయింది. ఆ ఎరుపుకు కారణం కంటి మధ్యపొర వాచే యువియైటిస్ కావచ్చు, నల్లగుడ్డు మీది పుండు కావచ్చు. చీటీ లేకుండా మందుల షాపుకెళ్తే మాత్రం అన్నింటికీ చేతిలో పెట్టేది చాలాసార్లు ఒకటే సీసా: యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కల మందు.

కళ్లకలకలో ఎరుపు రెప్పల లోపలి వైపు ఎక్కువగా ఉంటుంది. పొద్దున లేచేసరికి పుసి కట్టి రెప్పలు అంటుకుంటాయి. పుసి తుడుచుకుంటే చూపు మళ్లీ తేటపడుతుంది. కంటి ముందు భాగంలో వచ్చే యువియైటిస్‌లో పుసి ఉండదు, నీళ్లు కారతాయి. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ ఉంగరంలా ముదురుగా కనిపిస్తుంది. రోగి వెలుతురు చూడలేడు. బాగున్న కంట్లో టార్చి వేసినా జబ్బు కన్నే సలుపుతుంది, ఎందుకంటే రెండు కంటిపాపలూ కలిసే ముడుచుకుంటాయి. చూపు మసకబారుతుంది. పాప చిన్నదవుతుంది, ఒక్కోసారి గుండ్రం చెడి వంకరపోతుంది. వాచిన ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు పొర) వెనకున్న లెన్సుకు అతుక్కోవడమే ఆ వంకరకు కారణం. చుట్టూరా అతుక్కుపోతే కంటిలోని నీరు ముందుకు రాలేక లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

దీన్ని తేల్చేది స్లిట్ ల్యాంప్, అంటే సన్నటి కాంతి పంపి కంటిని పెద్దదిగా చూపే పరికరం. గదిలో దీపాలార్పి, 1 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పున్న కాంతిని ఏటవాలుగా పంపితే, కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు కంటి లోపలి నీటిలో తెల్లకణాలు కదులుతూ కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టాలి. 6 నుంచి 15 ఉంటే వాపు తీవ్రత 1+, 16 నుంచి 25 అయితే 2+, 26 నుంచి 50 అయితే 3+, ఆపైన 4+. పాప పెద్దది కావడానికి చుక్కలు వేయకముందే ఈ లెక్క చూడాలి. వేశాక ఐరిస్ నుంచి రాలే రంగు రేణువులు కూడా కణాల్లా కనిపించి లెక్క తప్పిస్తాయి. చుక్కలు వేశాక రెటీనా (కంటి వెనక తెర) కూడా చూడాలి, ముందున్న వాపు వెనక్కీ పాకి ఉండొచ్చు.

స్టెరాయిడ్ రాసేముందు ఇంకో పరీక్ష ఉంది. ఫ్లోరెసిన్ అనే రంగు పూసిన పట్టీ కంటికి తాకించి నీలికాంతిలో చూస్తే, పుండున్న చోటు పచ్చగా మెరుస్తుంది. కొమ్మలు చాచిన చెట్టులా మెరిస్తే అది హెర్పిస్ వైరస్ పుండు. నూర్పిళ్లప్పుడు వడ్లగింజ తగిలినా, వరి ఆకు కోసుకున్నా ఆ కంట్లో ఫంగస్ పుండు కోసం తప్పకుండా వెతకాలి. దాని మీద స్టెరాయిడ్ పడితే రెండు రోజులు ఎరుపు తగ్గి, మందు పనిచేసినట్టే ఉంటుంది. ఈలోగా ఫంగస్ లోతుకు దిగుతుంది. చివరికి కంట్లో పువ్వు వేస్తుంది, ఒక్కోసారి కన్నే పోతుంది. నందివర్ధనం రసం, తల్లిపాలు పోయడం కూడా ఇలాంటి పుండులో ప్రమాదమే. స్టెరాయిడ్ చుక్కలు షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఒంటి మీద పూసే మందులకు ఇచ్చే మినహాయింపు కంటి చుక్కలకు వర్తించదు.

అదే స్టెరాయిడ్ యువియైటిస్‌లో కంటిని కాపాడుతుంది, సరిగ్గా వాడితే. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1 శాతం చుక్కలు తీవ్రంగా ఉన్నప్పుడు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేయాలి. ఆ మందు పొడి అడుగుకు దిగుతుంది, కనుక ప్రతిసారీ సీసా బాగా కుదపాలి. కుదపకపోతే కంట్లో పడేది దాదాపు నీళ్లే. ఒక చుక్క చాలు. కన్ను మూసి ముక్కువైపు మూలను రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, రెండో మందుకు అయిదు నిమిషాలు ఆగాలి. తోడుగా ఇచ్చే హోమాట్రోపిన్ లేదా ఎట్రోపిన్ నొప్పి తగ్గిస్తుంది, ఐరిస్ లెన్సుకు అతుక్కోకుండా చూస్తుంది. దానివల్ల దగ్గరి చూపు మసకేస్తుంది, వైద్యులు ముందే చెప్పకపోతే రోగి భయపడి మానేస్తాడు.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఆ తర్వాత. ఎరుపు పోగానే సీసా పక్కన పడేస్తారు. లోపల కణాలు ఇంకా ఉంటాయి, వాపు తిరగబెడుతుంది. అందుకే చుక్కలను కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. పాత చీటీతో నెలల తరబడి సొంతంగా వేసుకోవడం కూడా అంతే చేటు. శుక్లం వస్తుంది, ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి. కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మి.మీ. పాదరసం ఉండాలి. చుక్కలు వాడినన్నాళ్లూ చూపించుకోవాలి.

మళ్లీ మళ్లీ వస్తుంటే, రెండు కళ్లకూ వస్తే, వెనక భాగంలో ఉంటే ఒంట్లో కారణం వెతకాలి. పొద్దున నడుం పట్టేసి, తిరిగితే సడలుతోందా? హెచ్‌ఎల్‌ఏ బి27 (ఇలాంటి వెన్నువాపుతో ముడిపడ్డ జన్యుగుర్తు) పరీక్ష చేయించాలి. మన దేశంలో క్షయను మరచిపోకూడదు, సిఫిలిస్‌ను కూడా. వాపును చాలాకాలం అదుపులో ఉంచడానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజో చీటీ మీద తెలుగులో రాసివ్వడం వైద్యుల బాధ్యత.

కళ్లకలక వార్త పక్కనే ఒక చిన్న బాక్సు వేయండని మా మనవి: నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చుక్కలు కొనకుండా అదే రోజు కంటి ఆస్పత్రికి వెళ్లాలి. ఆ బాక్సులో పిల్లల మాట కూడా చేర్చండి. కీళ్లవాపు ఉన్న పిల్లల్లో యువియైటిస్ ఎరుపు లేకుండా, నొప్పి లేకుండా వస్తుంది. కన్ను తెల్లగా, చక్కగా కనిపిస్తూనే లోపల దెబ్బతింటుంది. ముఖ్యంగా ఏడేళ్లలోపే కీళ్లవాపు మొదలై, రక్తంలో ఏఎన్‌ఏ (సొంత కణాల మీదికే వెళ్లే యాంటీబాడీలు) పాజిటివ్ ఉన్న పిల్లలకు ఏ ఇబ్బందీ లేకపోయినా మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి.

– ఇద్దరు కంటి వైద్యులు, గుంటూరు