రిఫరెన్సులు చేత్తో టైప్ చేయకండి, జోటెరో వేసుకోండి

అందరికీ నమస్తే, ఏయూలో ఈ ఏడాది థీసిస్ సబ్మిట్ చేసేవాళ్లు ముఖ్యంగా చదవండి. ఇంకా చాలామంది రిఫరెన్సులు ఒక్కొక్కటీ వర్డ్‌లో చేత్తో కొడుతున్నారు, చూస్తే బాధేస్తుంది. జోటెరో అంటే రిఫరెన్సులు దాచిపెట్టి లిస్ట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఫ్రీనే, 2006 నుంచి ఉంది, బ్రౌజర్‌లో దాని కనెక్టర్ కూడా పెట్టుకుంటే పేపర్ పేజీ తెరిచి ఒక్క క్లిక్ కొడితే చాలు రచయితల పేర్లు, జర్నల్, సంవత్సరం, డీఓఐ (పేపర్‌కి ఉండే శాశ్వత ఐడీ) అన్నీ వచ్చేస్తాయి, ఆఖర్లో గైడ్ గారు ఏపీఏ వద్దు వాంకూవర్ స్టైల్లో పెట్టమన్నా మొత్తం లిస్ట్ అదే మార్చేస్తుంది.

కానీ వచ్చినదాన్ని వచ్చినట్టు నమ్మేయకండి. అసలు తలనొప్పి మన తెలుగు పేర్లతోనే, మనకి ఇంటిపేరు ముందు ఉంటుంది కదా, ఒక జర్నల్ ఇంటిపేరుని సొంతపేరు అనుకుంటుంది, ఇంకోటి ఒట్టి ఇనీషియల్ వేసి వదిలేస్తుంది, దాంతో ఒకే మనిషి ఇద్దరు రచయితలైపోయి సైటేషన్లు (వేరేవాళ్లు మన పేపర్‌ని రిఫరెన్సుగా ఇచ్చినవి) రెండు చోట్ల చీలిపోతాయి. అందుకే మొదటి పేపర్ పంపకముందే ఆర్కిడ్ ఐడీ తీసుకోండి (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే నంబర్, 16 అంకెలు, ఫ్రీ), పేరు ఎప్పుడూ ఒకేలా రాయండి.

జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్ మీ లైబ్రరీలో ఉంటే జోటెరో ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది, 2019లో వచ్చిన ఈ సౌకర్యం ఒక్కటి చాలు నాకైతే. ఫ్రీ స్టోరేజ్ 300 ఎంబీ, పీడీఎఫ్‌లకి తొందరగా నిండిపోద్ది, రిఫరెన్సులకి ఆ లిమిట్ లేదు.

మిమ్మల్ని ఎవరు సైట్ చేశారో తెలియాలంటే గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ చేసి అలర్ట్ ఆన్ చేయండి, మెయిల్ వస్తుంది. ఇన్‌స్టాల్ అవ్వకపోతే స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి, రాత్రికి చూస్తా.