బజర్ విషయంలో లెక్క తప్పింది మాదే

మా మెటల్ డిటెక్టర్ కిట్ తీసుకుని ఇంట్లో సొంతంగా బిగించుకున్న మీ అందరికీ ఈ ఉత్తరం. బ్యాటరీ నీరసించినప్పుడు హెచ్చరించే బజర్‌ను గత విడత కిట్లలో చేర్చాం. అది అవసరం లేనప్పుడు కూడా కూస్తూ మీలో చాలామందిని విసిగించింది. మీ టంకం పనిలో లోపమేమీ లేదు. మా లెక్కే తప్పింది.

పాత కిట్లో ఇదే పనికి ఎర్ర ఎల్‌ఈడీ ఉండేది. కాయిల్‌ను (లోహాన్ని పసిగట్టే తీగచుట్టను) నేలకు ఆనించినట్టుగా ఊపుతూ నడిచే మనిషి చూపు నేల మీదే ఉంటుంది, చేతి దగ్గరున్న డబ్బా మీద కాదు. పైగా ఎండలో ఆ చుక్క వెలిగిందో లేదో తెలియదు. మన సర్క్యూట్‌లో కాయిల్‌కు వెళ్లే పల్సు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది కాబట్టి, వోల్టేజి తగ్గేకొద్దీ అందే లోతు కూడా తగ్గుతుంది. యంత్రం మాత్రం ఆగిపోదు. చెంచాను దగ్గరగా చూపిస్తే ఎప్పటిలాగే కూస్తుంది, లోతున ఉన్న నాణెం మీదుగా మాత్రం మౌనంగా దాటిపోతుంది. డిటెక్టర్ మౌనం కూడా ఒక జవాబే కదా, ఇక్కడేమీ లేదని. ఆ జవాబు అబద్ధమైనప్పుడు పట్టుకునే దారి మీకు ఉండదు. అందుకే బజర్ పెట్టాం. ఆ ఆలోచన సరైనదేనని ఇప్పటికీ నా నమ్మకం.

మొదటి తప్పు ఇది. బ్యాటరీ 10 వోల్టులకు దిగగానే కూయాలని నిర్ణయించాం. ఎనిమిది ఆల్కలైన్ సెల్లకు, అంటే సెల్లుకు 1.25 వోల్టుల చొప్పున, అది బాగానే కుదురుతుంది. రీఛార్జి సెల్లు అలా కావు. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఛార్జి దండిగా ఉన్నా ఎక్కువ సేపు 1.2 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. ఎనిమిదింటికి 9.6. మేము గీసిన గీత దానికంటే పైనే ఉంది! రాత్రంతా ఛార్జి చేసిన సెల్లు వేసుకున్నా కాసేపటికే బజర్ మొదలైందని రాసినవారికి మొదట 'సెల్లు మార్చి చూడండి' అని జవాబిచ్చాను. ఆ జవాబుకు క్షమాపణలు.

రెండోది ఇంకా ఇబ్బందికరం. కాయిల్ కింద లోహం తగలగానే స్పీకర్ మోగుతుంది, అది లాగే కరెంటుకు వోల్టేజి క్షణకాలం కుంగుతుంది. బ్యాటరీ గీతకు దగ్గర్లో ఉంటే ఆ కాస్త కుంగుకే బజర్ కూడా గొంతు కలుపుతుంది. ఏది లోహం శబ్దమో ఏది బ్యాటరీ గోలో తేలదు. ఒకరైతే కింద రెండు లోహాలున్నాయనుకుని రెండుసార్లు తవ్వారు.

దిద్దుబాటుకు రెండు రెసిస్టర్లు చాలు. వోల్టేజిని పంచే జతలో పైది 30 కిలో ఓములు, కిందిది 10. కంపారేటర్, అంటే రెండు వోల్టేజిల్లో ఏది ఎక్కువో చెప్పే చిప్, ఆ మధ్య బిందువును 2.5 వోల్టుల రిఫరెన్సుతో (మారని వోల్టేజితో) పోలుస్తుంది. 30 కిలో ఓముల దానికి సమాంతరంగా 150 కిలో ఓముల రెసిస్టర్ కలిపితే పై భాగం 25 అవుతుంది, గీత 8.75 వోల్టులకు దిగుతుంది. రీఛార్జి సెల్లు వాడేవారికి అదే సరైన చోటు. కొత్త బోర్డులో దీన్ని జంపర్‌తో, అంటే పెడితే రెసిస్టర్ కలిసే, తీస్తే విడిపోయే చిన్న తొడుగుతో పెట్టాం. రెండోది 1 మెగా ఓము, కంపారేటర్ అవుట్‌పుట్ నుంచి అదే మధ్య బిందువుకు. దీంతో ఒకసారి మొదలైన హెచ్చరిక వోల్టేజి మరో 0.2 నుంచి 0.3 వోల్టులు పెరిగితే గానీ ఆగదు, ఆగింది చిన్న కుంగుకు మళ్లీ మొదలు కాదు. దీనివల్ల గీత కాస్త అటూ ఇటూ జరుగుతుంది, పట్టించుకోవలసినంత కాదు. శబ్దాన్ని కూడా మార్చాం. ఇకపై అరనిమిషానికోసారి రెండు పొట్టి కూతలే.

సరిచూసుకోవడం తేలిక. హోల్డర్‌లో ఆరు కొత్త ఆల్కలైన్ సెల్లు మాత్రమే పెట్టి, ఖాళీగా ఉన్న రెండు గదుల్లో ఒక్కోదాని రెండు కొనలను తీగ ముక్కతో కలపండి. జంపర్ (పాత బోర్డులో 150 కిలో ఓముల రెసిస్టర్) లేకుండా కూయాలి, పెడితే ఊరుకోవాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆల్కలైన్ సెల్లు నెమ్మదిగా వాలతాయి కాబట్టి కూత మొదలయ్యాక కూడా చాలాసేపు పని సాగుతుంది. రీఛార్జి సెల్లు చివర్లో ఒక్కసారిగా పడిపోతాయి. కూత వినగానే ఆపేయండి, బలహీనమైన సెల్లు ఉల్టా ఛార్జి అయి పాడయ్యే ప్రమాదముంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని వెతికేవారికి నా దగ్గర ఇంకా పరిష్కారం లేదు. బజర్ డబ్బాలో ఉంది, చెవులు మూసి ఉన్నాయి. హెచ్చరికను ఆడియోలోనే కలపాలి. నేను చేసిన నమూనాలో అది లోహం శబ్దాన్ని మింగేసింది. అది కుదిరేదాకా అప్పుడప్పుడు హెడ్‌ఫోన్ తీసి ఓ నిమిషం వినండి.

గత విడత కిట్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ రెండు రెసిస్టర్లు, అతికించాల్సిన చోట్లు గుర్తుపెట్టిన బొమ్మ పోస్టులో పంపుతున్నాం. అడగనక్కరలేదు, డబ్బు కట్టనక్కరలేదు. టంకం వేయడం ఇష్టంలేనివారు బోర్డు తిప్పి పంపితే నేనే చేసిస్తాను. చిరునామా మారినవారు మాత్రం ముందుగా తెలియజేయండి.